ఆ తేదీ మూత తీయని డబ్బాకే!

“ఎక్స్‌పైరీ ఇంకా ఏడాదిన్నర ఉంది మేడమ్. నేనే చూసి మరీ పోశాను.”

రాత్రి రెండున్నర గంటలకు మా ఆసుపత్రి క్యాజువాలిటీలో ఒక కోడలు నాతో అన్న మాట ఇది. పక్కన స్ట్రెచర్ మీద ఆమె మామగారు. వయసు 68. చాలా ఏళ్లుగా షుగరు, బీపీ. సాయంత్రం నుంచి ఆగని వాంతులు, విరేచనాలు. నాలుక పిడచగట్టింది. నాడి వడివడిగా కొట్టుకుంటోంది. బీపీ బాగా పడిపోయింది. ఇంట్లో మరో ఇద్దరికీ వాంతులయ్యాయి గానీ వాళ్లు తేరుకున్నారు. పెద్దాయన తేరుకోలేదు. ఒంట్లో నీరు తగ్గిపోయి కిడ్నీల మీద భారం పడింది. క్రియాటినిన్ పెరిగింది. సెలైన్లు ఎక్కించి, మాత్రలు మార్చి, ఆయన్ని నడిపించి ఇంటికి పంపేసరికి 5 రోజులు పట్టింది.

ఏం తిన్నారని అడిగితే మనవరాలి పుట్టినరోజుకు చేసిన బెల్లం పాయసం దగ్గర ఆగారు. అందులో పోసినవి డబ్బా కొబ్బరి పాలు. అంతకు తొమ్మిది రోజుల ముందు ఆదివారం పలావ్ కోసం డబ్బా తెరిచారు. సగం వాడారు. మిగతా సగం అదే డబ్బాలో, పైన చిన్న ప్లేటు బోర్లించి, ఫ్రిజ్ తలుపు అరలో పెట్టారు. పుట్టినరోజు నాడు అది కంటబడింది. పాయసం దించాక ఆ పాలు కలిపారు. మధ్యాహ్నం అందరూ తిన్నారు. గిన్నె వంటగట్టు మీదే ఉంది. సాయంత్రం పెద్దాయన మరో కప్పు తిన్నారు.

ఏ క్రిమి వల్ల ఇదంతా జరిగిందో మేం ల్యాబులో తేల్చలేదు. డబ్బా అప్పటికే చెత్తబండి ఎక్కేసింది. పాయసం గిన్నె కడిగేశారు. కాబట్టి తప్పంతా ఆ కొబ్బరి పాలదేనని నేను ఒట్టేసి చెప్పను. కానీ అక్కడ జరిగిన పొరపాట్లు నాకు కొత్తవి కావు. మీ ఇంట్లో, నా ఇంట్లో రోజూ జరిగేవే. అందుకే ఈ వారం మందుల గురించి కాకుండా ఒక డబ్బా గురించి రాస్తున్నాను.

తేదీ చెప్పేది ఏమిటి?

డబ్బా మీద ఉన్న ఎక్స్‌పైరీ తేదీ సీలు తీయని డబ్బాకు మాత్రమే వర్తిస్తుంది. మూత తెరిచిన నిమిషం నుంచి ఆ తేదీకి విలువ లేదు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా దీని వివరణే.

డబ్బా పాలు నెలల తరబడి ఎలా నిలవుంటాయి? వాటిలో ఏదో గట్టి మందు కలుపుతారని చాలామంది అనుకుంటారు. కొన్ని రకాల్లో నిల్వ పదార్థాలు కలిపేమాట నిజమే గానీ అసలు కారణం అది కాదు. పాలను డబ్బాలో నింపి, గాలి చొరబడకుండా మూసి, ఆవిరి ఒత్తిడితో సుమారు 120 డిగ్రీల వేడిలో ఉంచుతారు. మన ప్రెషర్ కుక్కర్ సూత్రమే, ఇంకాస్త కట్టుదిట్టంగా. ఆ వేడికి మొండి క్రిములూ చస్తాయి. మూత బిగుతుగా ఉంది కాబట్టి కొత్తవి లోపలికి రాలేవు. టెట్రా ప్యాక్ పాలను ఇంకా ఎక్కువ వేడిలో కొద్ది సెకన్లు ఉంచి, క్రిములు లేని ప్యాకెట్లో నింపుతారు. దారి వేరు, ఫలితం ఒకటే. అంటే ఆ పాలను ఇన్నాళ్లూ కాపాడింది వేడి, మూత. మీరు మూత తీశారంటే కాపలా తీసేసినట్టే. గాలి, గరిటె, చెయ్యి, ఫ్రిజ్‌లోని పక్క గిన్నె... అన్నీ తలా కొన్ని క్రిములను అందిస్తాయి.

కొబ్బరి పాలు వాటికి మంచి మేత. నీరు ఉంది, కొవ్వు ఉంది, కాస్త చక్కెర, మాంసకృత్తులు ఉన్నాయి. లేనిదల్లా పులుపు. క్రిములకు పులుపు గిట్టదు. కొబ్బరి పాల పీహెచ్ 6 దగ్గర ఉంటుంది, అంటే పులుపు లేనట్టే. మన పెద్దవాళ్లకు పీహెచ్ లెక్కలు తెలియవు. అయినా దూరప్రయాణానికి పులిహోర కట్టిచ్చారు గానీ కొబ్బరి పాల అన్నం కట్టివ్వలేదు. ఏది నిలుస్తుందో, ఏది నిలవదో వాళ్లకు అనుభవం నేర్పింది. డబ్బా వచ్చాక మనం ఆ తెలివిని పక్కన పెట్టేశాం.

వేడి చేస్తే పోదా?

ఆ కోడలు అడిగిన రెండో ప్రశ్న ఇది. “పాయసం వేడిగానే ఉంది కదా మేడమ్?”

ఇక్కడ మన వంట పద్ధతిలోనే ఒక చిక్కుంది. కొబ్బరి పాలు మరిగిస్తే విరుగుతాయని పొయ్యి కట్టేశాక చివర్లో పోస్తాం. బెల్లం ఉంటే మరీ జాగ్రత్త పడతాం. రుచికి అది సరైన పద్ధతే. కానీ ఆ పాలు సరిగ్గా మరగవు. అప్పుడే తెరిచిన డబ్బా అయితే ఇబ్బంది లేదు, దాన్ని ఫ్యాక్టరీలోనే శుద్ధి చేశారు. రోజుల క్రితం తెరిచిన డబ్బా అయితే అందులో పెరిగిన క్రిములు అలాగే పాయసంలో దిగుతాయి. తర్వాత గోరువెచ్చగా గంటల తరబడి వంటగట్టు మీద ఉంటే వాటికి అంతకన్నా కావలసింది లేదు.

పోనీ, మరిగించామే అనుకోండి. అప్పుడూ పూర్తి భరోసా లేదు. స్టెఫైలోకాకస్ అనే క్రిమి మన చేతుల మీద, ముక్కులో ఉంటుంది. అన్నంలో పెరిగే బాసిల్లస్ సెరియస్ అనేది మరొకటి. ఇవి ఆహారంలో పెరుగుతూ విషపదార్థాన్ని వదులుతాయి. క్రిమి చచ్చినా ఆ విషం మామూలు వంట వేడికి చావదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. ఇంకో సంగతి. ఇలాంటి ఆహారం వాసన, రుచి బాగానే ఉండొచ్చు. “వాసన చూశాను, బాగానే ఉంది” అన్నమాట మా ఓపీలో వారానికి ఒకసారైనా వింటాను. పుల్లటి వాసన, జిగురు, బుడగలు, బూజు కనిపిస్తే పాడైందని ఖాయం. కనిపించకపోతే బాగుందని ఖాయం కాదు.

గడ్డకట్టిస్తే క్రిములు చస్తాయన్నదీ అపోహే. 1991 ఆగస్టులో అమెరికాలోని మేరీల్యాండ్‌లో కొందరికి కలరా సోకింది. ఆరా తీస్తే థాయ్‌లాండ్ నుంచి గడ్డకట్టించి తెచ్చిన కొబ్బరి పాలు కారణమని తేలింది. అవి డబ్బా పాలలా శుద్ధి చేసినవి కావు. అంత చలిలో అంత దూరం ప్రయాణించినా క్రిములు బతికే ఉన్నాయి. ఫ్రీజర్ క్రిములను నిద్రపుచ్చుతుంది, అంతే. పెట్టేముందు పాలు బాగుంటేనే తీశాక బాగుంటాయి.

డబ్బా మానేయమంటారా?

మానేయమనను. కొంతమంది డాక్టర్లు డబ్బా అనగానే ముఖం చిట్లిస్తారు. కాయ కొట్టి, కోరి, పాలు పిండుకోవాలంటారు. ఆ రుచి వేరే, కాదనను. కానీ పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కాల్సిన ఇల్లాలికి ఆ మాట చెప్పడం సులువు, చేయడం కష్టం. పైగా ఆరోగ్యం కోణంలో చూస్తే ఇంట్లో పిండిన పాలు ఇంకా సున్నితమైనవి. అవి శుద్ధి చేసినవి కావు. చేతులు, మిక్సీ, వడకట్టే గుడ్డ అన్నీ తగులుతాయి. బయట పెడితే కొన్ని గంటల్లోనే పులుస్తాయి. సీలు పగలని మంచి డబ్బా అంతకన్నా శుభ్రమైనది. తప్పు డబ్బాది కాదు, తెరిచాక కూడా దాన్ని డబ్బాలాగే చూడటంలో ఉంది. తెరిచాక దాన్ని పాల ప్యాకెట్‌లా చూడాలి. కత్తిరించిన పాల ప్యాకెట్‌ను తొమ్మిది రోజులు ఉంచుతామా?

తెరవకముందు

కొనేటప్పుడు డబ్బా చుట్టూ వేలితో తడిమి చూడండి. ఉబ్బినది, కారుతున్నది, లోతుగా తుప్పుపట్టినది వద్దు. అంచు దగ్గర, అతుకు దగ్గర సొట్ట పడినదీ వద్దు. అక్కడ కంటికి కనపడని సందు ఏర్పడి ఉండొచ్చు. ఇంట్లో పొయ్యి పక్కన కాకుండా చల్లగా, పొడిగా ఉన్న అరలో పెట్టండి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో మరిచిపోకండి. మూత తీయని డబ్బాను ఫ్రీజర్‌లో పెట్టకండి. లోపలి నీరు గడ్డకట్టి వ్యాకోచిస్తే అతుకులు వదులవుతాయి.

ఉబ్బిన డబ్బా విషయంలో మొహమాటం పనికిరాదు. మూత తీయగానే చిమ్మినా అంతే. లోపల క్రిములు పెరిగి గ్యాస్ తయారైందని అర్థం. గాలి లేని, పులుపు లేని చోట పెరిగే బోట్యులిజం క్రిమి చాలా అరుదు. నా సర్వీసులో ఒక్క కేసూ చూడలేదు. అయినా దాని విషం నరాలను చచ్చుబరుస్తుంది. రెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనపడటం, మింగలేకపోవడం, ఊపిరి అందకపోవడం దాని లక్షణాలు. ఒక్క చుక్క రుచి చూడటం కూడా ప్రమాదమే. అలాంటి డబ్బాను తెరవకుండా కవర్లో చుట్టి పారేయండి. తెరిచి ఉంటే చేతులు, గట్టు సబ్బుతో కడగండి. ఆ తిండి తిన్నాక ఈ లక్షణాలు కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

ఒక విషయంలో మాత్రం కంగారు వద్దు. మూత తీయగానే పైన తెల్లటి గడ్డ, కింద పల్చటి నీళ్లు కనిపిస్తే పాడైనట్టు కాదు. కొబ్బరి కొవ్వు సుమారు 25 డిగ్రీల కన్నా చల్లబడితే గట్టిపడుతుంది. చలికాలంలో మన ఇళ్లలో ఇది మామూలే. గరిటెతో కలిపితే సర్దుకుంటుంది. మూత ఉన్న డబ్బాను మాత్రం పొయ్యి మీద పెట్టి కరిగించొద్దు, పేలుతుంది.

తెరిచాక

డబ్బా పైభాగం కడిగి, తుడిచి తెరవండి. దాని మీద దుకాణం దుమ్మంతా ఉంటుంది. కావలసినంత పొడి గరిటెతో తీసుకుని, మిగిలింది వెంటనే మూత ఉన్న గాజు సీసాలోకో స్టీలు డబ్బాలోకో మార్చండి. తెరిచిన టిన్నుకు మూత బిగియదు. లోహపు రుచి కూడా రావొచ్చు. ఫ్రిజ్‌లో తలుపు అర కన్నా లోపలి అర చల్లన. అక్కడ పెట్టండి. చల్లదనం 5 డిగ్రీలు దాటకూడదు. మూడు రోజుల్లో వాడేయండి. లేబుల్ అంతకన్నా తక్కువ చెబితే లేబుల్ మాటే వినండి.

మూడు రోజుల్లో అవసరం లేదనుకుంటే తెరిచిన రోజే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి. గడ్డలను సంచిలో వేసి తేదీ రాసి పెట్టుకుంటే రెండు నెలల్లోపు కూరల్లో వాడొచ్చు. కరిగాక కాస్త విరిగినట్టు కనిపిస్తాయి. కూరకు, పులుసుకు అది అడ్డు కాదు. గడ్డను నేరుగా మరుగుతున్న కూరలో వేయండి. వంటగట్టు మీద గంటల తరబడి కరగనివ్వకండి. ఒకసారి కరిగినవాటిని మళ్లీ గడ్డకట్టించకండి.

వండిన వంటకూ ఇదే శ్రద్ధ కావాలి. కొబ్బరి పాలు పోసిన పలావ్, కూర, పాయసం రెండు గంటలకు మించి బయట ఉండకూడదు. మన వేసవిలో గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. మిగిలింది చిన్న గిన్నెల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. తినేటప్పుడు పొగలు కక్కేలా వేడిచేయండి, అదీ ఒక్కసారే. పిల్లల లంచ్‌బాక్సులో ఎండాకాలం కొబ్బరి పాల అన్నం బదులు నిమ్మకాయ పులిహోర మేలు. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచితే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. అంతకు మించితే తెరిచిన కొబ్బరి పాల మీద ఆశ వదులుకోండి.

‘మిగిలింది కదా’ అనే జబ్బు

మా పెద్దాయన భార్య మూడో రోజు వార్డులో నాతో అన్నారు: “పారబోయడానికి చేతులు రాలేదు డాక్టరమ్మా. అంత డబ్బు పోసి కొన్నాం.” ఆమెను తప్పుపట్టలేను. అన్నాన్ని పరబ్రహ్మ స్వరూపమని చెప్పి పెంచిన తరం వాళ్లది. ఆ గుణం మంచిది. మధ్యతరగతి ఇళ్లు నిలబడింది ఆ గుణం మీదే. కానీ ఒక లెక్క చూడండి. సగం డబ్బా పాలను కాపాడబోయి ఆ ఇల్లు 5 రోజులు ఆసుపత్రి పాలైంది. మా దగ్గర వైద్యం ఉచితమే. అయినా కొడుకు సెలవులు, ఆటో ఖర్చులు, మనవరాలి బడి ఎగవేత ఉచితం కాదు కదా.

ఇంకో సంగతి కూడా ఇన్నేళ్లుగా చూస్తున్నాను. ఇంట్లో మిగిలింది ముందు ఎవరి కంచంలోకి వెళ్తుంది? అమ్మ కంచంలోకి, నానమ్మ కంచంలోకి. “పిల్లలకు వద్దులే, నేను తినేస్తా” అంటారు. పిల్లలకు పనికిరానిది షుగరున్న 60 ఏళ్ల మనిషికి ఎలా పనికొస్తుంది? ముసలివాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, క్యాన్సర్ మందులు వాడేవాళ్లు కలుషితాహారాన్ని తట్టుకోలేరు. మిగిలింది మొదట వాళ్లకు వద్దు.

మిగిలింది కదా అని అవసరానికి మించి పోయడం కూడా మంచిది కాదు. చిక్కటి కొబ్బరి పాలు 100 మిల్లీలీటర్లలో 20 గ్రాముల దాకా కొవ్వు ఉంటుంది. అందులో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వే. రోజుకు 2,000 క్యాలరీలు తినే మనిషికి సంతృప్త కొవ్వు 22 గ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ప్రకారం వచ్చే లెక్క. 400 మిల్లీలీటర్ల డబ్బాను నలుగురు ఒక పూట తింటే ఆ పూటకే దాదాపు దాని హద్దు చేరుతారు. పండక్కి పర్వాలేదు. డబ్బా అయిపోవాలని మూడు రోజులు వరసగా వద్దు.

దీనికి మందు పారబోయడం కాదు, చిన్నది కొనడం. నలుగురున్న ఇంటికి 200 మిల్లీలీటర్ల ప్యాకెట్ చాలు. పెద్ద డబ్బా లీటరు లెక్కన చవక కావచ్చు, కానీ సగం పారబోస్తే ఆ చవక ఏమైనట్టు? పెద్దదే తెరవాల్సి వస్తే తెరవకముందే మిగతా సగం ఏం చేయాలో అనుకోండి. ఇవాళ పలావ్, ఎల్లుండి గుడ్ల కూర, మిగిలింది ఐస్ ట్రేలోకి.

లేబుల్ ఎవరి కోసం?

తప్పంతా ఇల్లాళ్ల మీద వేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. మర్నాడు ఆ కోడలు అదే రకం కొత్త డబ్బా కొని తెచ్చి నాకు చూపించింది. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో వాడాలని దాని మీద ఉంది. చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లిష్‌లో. నేను కళ్లజోడు తీసి, దగ్గర పెట్టుకుని చదివాను. ఆ నానమ్మ ఎలా చదువుతుంది?

మన దేశ ఆహార లేబుల్ నిబంధనల ప్రకారం వివరాలు ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉంటే చాలు. మరో భాష చేర్చుకోవచ్చు, చేర్చాలని లేదు. తెరిచాక ఎలా దాచాలన్నది కూడా ‘అవసరమైతే రాయవచ్చు’ అన్న కోవలోనిదే. ఈ రెండూ మారాలన్నది నా అభిప్రాయం. తెరిచాక పాడయ్యే ఏ ఆహారం మీదైనా ‘తెరిచాక ఇన్ని రోజులే’ అన్న మాట తేదీ పక్కనే, తేదీ అంత అక్షరాల్లో, అమ్మే రాష్ట్రం భాషలో ఉండాలి. వంటకం ఫొటోకు చోటు దొరికిన డబ్బా మీద ఒక తెలుగు వాక్యానికి చోటు దొరకదా?

ఆ రోజు వచ్చేదాకా మన ఇంట్లో మనమే లేబుల్ రాసుకుందాం. ఒక మార్కర్ పెన్ను ఫ్రిజ్ పక్కన దారంతో కట్టి వేలాడదీయండి. ఏది తెరిచినా దాని మీద ఆ రోజు తేదీ రాయండి. నేనేదో గొప్పదాన్నని చెప్పడం లేదు. ఆ కేసు చూసి ఇంటికెళ్లిన రోజు మా ఫ్రిజ్ తలుపు అరలో ఎప్పుడు తెరిచామో ఎవరికీ గుర్తులేని సగం ప్యాకెట్ ఒకటి దొరికింది. పెన్ను ఆ సాయంత్రమే కట్టాను.

ఒకవేళ జబ్బు చేస్తే...

- వాంతులు, విరేచనాలు మొదలవగానే ఓఆర్ఎస్ ఇవ్వండి. ప్యాకెట్ మీద చెప్పినన్ని నీళ్లలోనే కలిపి, కొద్దికొద్దిగా తాగించండి.
- విరేచనాలు ఆపే మాత్రలు, యాంటీబయాటిక్స్ సొంతంగా వేయొద్దు.
- షుగరు, బీపీ, కిడ్నీ మందులు వాడేవాళ్లయితే మొదట్లోనే డాక్టరుకు చెప్పండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కొన్ని మాత్రలు తాత్కాలికంగా ఆపాల్సి రావచ్చు. ఇన్సులిన్ మాత్రం అడగకుండా ఆపకండి.
- మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా, మలంలో రక్తం పడినా, ఏదీ కడుపులో నిలవకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.
- తిన్న ఆహారం, దాని డబ్బా పారేయకుండా మూతపెట్టి విడిగా ఉంచండి. కారణం తెలుసుకోవడానికి పనికొస్తుంది.

మా పెద్దాయన ఇప్పుడు బాగున్నారు. మొన్న ఓపీకి వచ్చి, “మళ్లీ పాయసం తినొచ్చా?” అని అడిగారు. “తినండి, కాస్తే తినండి. డబ్బా మాత్రం ఆ రోజు తెరిచిందే కావాలి” అన్నాను. పక్కనే ఉన్న కోడలు నవ్వింది. “మా ఇంట్లో కూడా పెన్ను కట్టాం మేడమ్” అంది.